నాగలి, నక్షత్రాలు: ఒక తిరుగుబాటును దాని ఇరుగుపొరుగు నుంచి చూసిన నాటకం

ఇరవయ్యో శతాబ్ది తొలి పాతికేళ్ల జాతీయోద్యమాల గురించి ఇంతవరకు మీరు చదివిన పాఠాలు తేదీలతో, నాయకుల పేర్లతో, ఒప్పందాలతో నడిచాయి. 1919 మార్చి 1న కొరియాలో మొదలైన ప్రదర్శనలు, అదే నెలలో సాద్ జగ్లూల్ అరెస్టుతో ఈజిప్టులో చెలరేగిన అలజడి, మే 4న పెకింగ్ విద్యార్థుల ఊరేగింపు. పరీక్షకు ఇవన్నీ అవసరమే. అయితే ఆ ఊరేగింపు వెళ్లిన వీధిలో కాపురం ఉన్నవాళ్లు ఏమనుకున్నారు, ఆ రోజు వాళ్ల ఇంట్లో పొయ్యి వెలిగిందా అన్న ప్రశ్నలకు ఆ పాఠాల్లో చోటు దొరకలేదు. అందుకే ఈ భాగంలో ఒక నాటకాన్ని తీసుకుంటున్నాను. దానిని రాసినవాడు షాన్ ఓకేసీ. నాటకం పేరు 'నాగలి, నక్షత్రాలు'. 1926 ఫిబ్రవరి 8న డబ్లిన్‌లోని అబ్బే థియేటర్‌లో మొదటిసారి ప్రదర్శించారు. ఇతివృత్తం 1916 ఈస్టర్ తిరుగుబాటు.

చరిత్ర కోర్సులో నాటకం ఎందుకని మీలో కొందరు అడగవచ్చు. ఈ నాటకాన్ని చూసి నాలుగో రోజున ప్రేక్షకులు రంగస్థలం మీదికి ఎక్కారు. నటులతో కలియబడ్డారు. అలా ఎక్కినవారు అల్లరిమూక కాదు. వారిలో ఆ తిరుగుబాటులో భర్తలను, కొడుకులను పోగొట్టుకున్న కుటుంబాల స్త్రీలకు అండగా వచ్చినవారు, స్వయంగా ఉద్యమంలో పనిచేసినవారు ఉన్నారు. ఒక జాతి తన పుట్టుక కథను ఎవరి నోట వినాలనుకుంటుంది, ఎవరి నోట వినడానికి నిరాకరిస్తుంది అన్నది చరిత్ర విద్యార్థికి సంబంధించిన ప్రశ్నే.

నాటకానికి ముందు నగరం

మొదట డబ్లిన్ నగరాన్ని గుర్తుకు తెచ్చుకోండి. పద్దెనిమిదో శతాబ్దంలో జమీందారులు కట్టుకున్న పెద్ద పెద్ద మేడలు ఇరవయ్యో శతాబ్దం వచ్చేసరికి గదికొక కుటుంబం అద్దెకుండే వాటాల ఇళ్లుగా మారిపోయాయి. 1911 జనాభా లెక్కల నాటికి అలాంటి ఇళ్లలో దాదాపు 26,000 కుటుంబాలు ఉండేవి. వాటిలో సుమారు 20,000 కుటుంబాలకు ఉన్నది ఒక్కటే గది. పైకప్పుకు నగిషీలు, కింద తడి గోడలు, మెట్ల మీద పిల్లలు, ప్రతి ఇంట్లో క్షయ దగ్గు. 1913 సెప్టెంబరు 2న చర్చ్ స్ట్రీట్‌లో రెండు ఇళ్లు కూలి ఏడుగురు చనిపోయారు.

అదే సంవత్సరం డబ్లిన్‌లో పెద్ద లాకౌట్ జరిగింది. జిమ్ లార్కిన్ సంఘంలో చేరబోమని సంతకం పెట్టనివారిని యజమానులు పనిలోంచి తీసేశారు. ఆగస్టులో మొదలైన పోరాటం మరుసటి జనవరికి కార్మికుల ఓటమితో ముగిసింది. యజమానుల నాయకుడు విలియం మార్టిన్ మర్ఫీ. ట్రాములు అతనివే, పత్రిక అతనిదే, నగరం నడిబొడ్డున ఉన్న ఇంపీరియల్ హోటల్ కూడా అతనిదే. ఈ హోటల్ పేరు గుర్తుంచుకోండి. పోలీసు లాఠీల నుంచి కార్మికులను కాపాడటానికి ఆ నవంబరులో పుట్టినదే ఐరిష్ సిటిజన్ ఆర్మీ. జాతీయవాదుల సైన్యమైన ఐరిష్ వాలంటీర్లు వేరు, ఇది వేరు. మీ జవాబుల్లో ఈ రెండింటినీ కలిపేయకండి.

సిటిజన్ ఆర్మీ జెండా మీద నాగలి, దాని మీద ఏడు నక్షత్రాలు ఉండేవి. మనం సప్తర్షి మండలం అని పిలిచే చుక్కల గుంపునే ఆ దేశపు పల్లెల్లో నాగలి అంటారు. నేల మీది శ్రమకు, పైనున్న ఆశకు అది గుర్తు. నాటకం పేరు ఈ జెండా నుంచి వచ్చిందే.

ఓకేసీ ఈ సంగతులను దూరం నుంచి విన్నవాడు కాదు. 1880లో డబ్లిన్‌లో ప్రొటెస్టెంట్ కుటుంబంలో పుట్టాడు. చిన్నప్పటి నుంచి కళ్ల జబ్బు. రైల్వేలో కూలిపని చేశాడు, ఐరిష్ భాష నేర్చుకున్నాడు, లార్కిన్ సంఘంలో చేరాడు. 1914లో సిటిజన్ ఆర్మీ కార్యదర్శి అయ్యాడు. అదే సంవత్సరం రాజీనామా చేశాడు. కౌంటెస్ మార్కీవిచ్ కార్మిక సైన్యంలోనూ, జాతీయవాద సైన్యంతో ముడిపడిన సంఘంలోనూ ఏకకాలంలో ఉండటాన్ని అతను ఒప్పుకోలేదు. కార్మికుల జెండా జాతి జెండా కిందికి వెళ్తే చివరికి మిగిలేది జాతి జెండా ఒక్కటే అన్నది అతని భయం. నాటకం పన్నెండేళ్ల తర్వాత వచ్చినా అందులోని వాదం అప్పుడు మొదలైందే. ఇది తెలియకుండా చదివితే ఓకేసీ ఉద్యమాన్ని బయట నిలబడి వెక్కిరించినవాడిలా కనిపిస్తాడు.

కథ, మనుషులు

నాటకం నాలుగు అంకాలు. మొదటి రెండు 1915 నవంబరులో, తర్వాతి రెండు 1916 ఈస్టర్ వారంలో జరుగుతాయి. చోటు ఒక వాటాల ఇల్లు, ఒక సారాకొట్టు, ఆ ఇంటి ముందరి వీధి, ఆ ఇంటి పై అటక గది.

జాక్ క్లిథెరో తాపీ పనివాడు. భార్య నోరా ఉన్న రెండు గదులనే శుభ్రంగా పెట్టుకుని, తలుపుకు కొత్త తాళం వేయించుకుని, ఎలాగైనా ఆ ఇంటి నుంచి పైకి రావాలని తపించే మనిషి. జాక్ సిటిజన్ ఆర్మీలో ఉండేవాడు. తనకు అధికారి హోదా రాలేదన్న కినుకతో మానేశాడు. నిజానికి హోదా వచ్చింది. ఆ ఉత్తరాన్ని నోరా కాల్చేసింది. కెప్టెన్ బ్రెనన్ తలుపు తట్టి 'కమాండెంట్ క్లిథెరో' అని పిలవడంతో ఆ సంగతి బయటపడుతుంది. భార్య మీద కోపంతో జాక్ యూనిఫారం బెల్టు కట్టుకుని వెళ్లిపోతాడు. ఒక మనిషి దేశం కోసం బయలుదేరిన సన్నివేశం ఇది. అందులో దేశం ఎంత, అహం ఎంత, అలిగిన మొగుడి తనం ఎంత? ఓకేసీ తూకం వేసి చెప్పడు, చూపించి ఊరుకుంటాడు.

చుట్టూ మిగిలినవాళ్లు. ఇళ్లలో పాచిపని చేసే మిసెస్ గోగన్, క్షయతో ఎండిపోతున్న ఆమె కూతురు మోల్సర్. తాగుడు మానతానని ఒట్లు పెడుతూ తాగే వడ్రంగి ఫ్లూథర్ గుడ్. పాత సంఘాల కత్తి, టోపీ వేసుకుని ఊరేగింపులకు వెళ్లే నోరా బాబాయి పీటర్. నోరు తెరిస్తే సోషలిజం గ్రంథాల పేర్లు వల్లించే ఫిట్టరు కోవీ. వీధిలో పండ్లు అమ్ముకునే బెసీ బర్జెస్. ఈమె ప్రొటెస్టెంటు, రాజుగారి పక్షం. కొడుకు బ్రిటిష్ సైన్యంలో ఫ్రాన్స్ యుద్ధరంగంలో ఉన్నాడు. అప్పట్లో ఐర్లండ్ నుంచి దాదాపు రెండు లక్షల మంది ఆ యుద్ధంలో పనిచేశారు. కాబట్టి డబ్లిన్ పేదవాడల్లో బెసీ లాంటి తల్లులు అరుదేమీ కాదు. తిరుగుబాటుదారుల మీద వాళ్లకున్న కోపం ఆంగ్లేయుల మీద భక్తి వల్ల మాత్రమే పుట్టలేదు, కొడుకుల మీద బెంగ వల్ల కూడా పుట్టింది.

భాష గురించి ఒక మాట. ఓకేసీ వీళ్లచేత డబ్లిన్ వీధి యాసలోనే మాట్లాడించాడు. కన్యాశుల్కం చదివినవారికి ఇందులోని రుచి వెంటనే తెలుస్తుంది. తిట్లలో ఉన్న చమత్కారం, అర్థం తెలియని పెద్ద మాటలను గంభీరంగా వాడే ధీమా, నవ్విస్తూనే గొంతుకు అడ్డం పడే దుఃఖం. మీకు దొరికే ఇంగ్లీషు ప్రతిలో మొదటి పది పేజీలు ఇబ్బంది పెడతాయి. కళ్లతో కాక పైకి చదవండి, దారి దొరుకుతుంది.

రెండో అంకం

నాటకమంతటికీ గుండెకాయ రెండో అంకం. గొడవకు మూలమూ అదే. సారాకొట్టులో రోసీ రెడ్మండ్ అనే వేశ్య గల్లా దగ్గర నిలబడి బేరాలు లేవని వాపోతూ ఉంటుంది. బయట పెద్ద బహిరంగ సభ. జనమంతా దేశభక్తితో పవిత్రులైపోయి ఉన్నారు, ఇక తన వంక చూసేదెవరు? కిటికీ అద్దం మీద ఒక ఉపన్యాసకుడి నీడ పడుతుంది. అతనికి పేరు లేదు, ముఖం కనిపించదు. గొంతు మాత్రమే వినబడుతుంది. రక్తం చిందడం జాతిని శుద్ధి చేస్తుందనీ, దానికి జంకే జాతి పౌరుషం కోల్పోయినదనీ ఆ గొంతు చెబుతుంది. ఈ మాటలు ఓకేసీ కల్పించినవి కావు. పాట్రిక్ పియర్స్ ఉపన్యాసాల నుంచి, రాతల నుంచి ఏరి కూర్చినవి. 1916 మే 3న కాల్చి చంపబడిన పియర్స్ 1926 నాటికి ఐర్లండ్‌లో దాదాపు పూజలందుకుంటున్న మనిషి.

ఈ అంకం నిర్మాణాన్ని జాగ్రత్తగా గమనించండి. బయటి నుంచి ఒక్కో ఉపన్యాస ఖండం వినబడుతుంది. లోపల దాని ప్రతిధ్వని వేరే రూపంలో వస్తుంది. బయట త్యాగం గురించి చెబుతుంటే లోపల ఫ్లూథర్, పీటర్ ఉద్రేకంతో దాహమేసి గ్లాసులు ఖాళీ చేస్తారు. బయట యుద్ధం పవిత్రమంటే లోపల బెసీ, మిసెస్ గోగన్ ఒకరి మర్యాదను ఒకరు తవ్విపోసుకుని జుట్లు పట్టుకోబోతారు. చంటిబిడ్డను నేల మీద వదిలేసి వెళ్లిపోతారు కూడా. చివరికి జాక్, బ్రెనన్, వాలంటీర్ల లెఫ్టినెంట్ లాంగన్ రెండు జెండాలు పట్టుకుని లోపలికి వస్తారు. నాగలి జెండా, మూడు రంగుల జెండా. మత్తెక్కినవాళ్లలా ఐర్లండ్ భార్య కంటే, తల్లి కంటే గొప్పదని చెప్పుకుని, తాగి వెళ్తారు. వాళ్లకు మత్తెక్కించినది సారా కాదు, ఆ గొంతు. వాళ్లు వెళ్లాక రోసీకి ఫ్లూథర్ రూపంలో ఆ రాత్రికి బేరం దొరుకుతుంది.

జెండాలు సారాకొట్టులోకి రావడం, వేశ్య ఉన్న గదిలో అమరుడి మాటలు వినబడటం ప్రేక్షకులను గాయపరిచాయి. ఆ గాయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. అయినా ఓకేసీ ఇక్కడ చేసిన పనిని అవహేళన అనడం పొరపాటు. ఉపన్యాసానికి ఒక ధర్మం ఉంది. అది వినేవాళ్లందరినీ ఒకే ముద్దగా భావించి 'మీరు' అంటుంది. నాటకం ఆ 'మీరు'ను విడదీసి ఒక వడ్రంగిగా, ఒక పాచిపని మనిషిగా, ఒక వేశ్యగా మన ముందు నిలబెట్టింది. రోసీకి ఆ సభలో స్థానమేమిటి? వచ్చే స్వాతంత్ర్యంలో ఆమె గది అద్దె ఎవరు కడతారు? గొంతు దగ్గర దీనికి జవాబు లేదు. ఇక్కడ నాకొక చిన్న అసంతృప్తి ఉంది. మన మధురవాణికి గురజాడ కథ నడిపే తెలివిని ఇచ్చాడు. రోసీ ఈ ఒక్క అంకంలో కనిపించి మాయమవుతుంది. ఓకేసీ ఆమెను వాదంలో ఒక సాక్ష్యంగా వాడుకున్నాడేమో అనిపిస్తుంది.

కాత్లీన్ పిలుపు, నోరా పిలుపు

ఈ నాటకాన్ని ఒంటరిగా చదవకూడదు. దీనికి 24 ఏళ్ల ముందు, 1902 ఏప్రిల్ 2న, డబ్లిన్‌లోనే మరో చిన్న నాటకం ఆడారు. పేరు 'కాత్లీన్ నీ హూలిహన్'. యేట్స్ పేరుతో వచ్చింది గాని, అందులో లేడీ గ్రెగరీ చేయి చాలా ఉందని ఇప్పుడు పండితులు ఒప్పుకుంటున్నారు. 1798లో ఫ్రెంచి ఓడలు కిల్లాలా తీరానికి వచ్చిన సమయం. ఒక రైతు ఇంట మర్నాడు పెళ్లి. ఒక ముసలి స్త్రీ వస్తుంది. తన నాలుగు పచ్చని పొలాలను పరాయివాళ్లు లాక్కున్నారని చెబుతుంది. అవి ఐర్లండ్ నాలుగు రాష్ట్రాలు. పెళ్లికొడుకు పెళ్లికూతురి చేయి విడిపించుకుని ఆమె వెంట వెళ్లిపోతాడు. అతను వెళ్లగానే ఆ ముసలామె రాణిలా నడిచే పడుచుగా మారిపోయిందని తమ్ముడు చెబుతాడు. ముసలామె పాత్రను మాడ్ గాన్ వేసింది. చూసినవాళ్లు ఏళ్లు గడిచినా మరచిపోలేదు. తన నాటకం కొందరిని తుపాకుల ముందుకు పంపిందేమోనన్న ప్రశ్న యేట్స్‌ను ముసలితనంలోనూ వదలలేదు, ఒక చివరి కాలపు కవితలో దాన్నే తలచుకున్నాడు.

దేశం స్త్రీగా వచ్చి కొడుకులను పిలవడం మనకూ తెలిసినదే. 1905లో అవనీంద్రనాథ ఠాగూర్ గీసిన భారతమాత చిత్రాన్ని మీరు ఈ పుస్తకంలోనే చూశారు. ఓకేసీ ఆ పిలుపును తలకిందులు చేశాడు. ఆయన నాటకంలో పిలుస్తున్నది దేశమాత కాదు, గర్భవతి అయిన పెళ్లాం. మూడో అంకంలో నోరా రాత్రంతా బారికేడ్ల వెంట మొగుణ్ని వెతికి ఓడిపోయి వస్తుంది. మళ్లీ జాక్ ఆ వీధిలోకే, గాయపడిన లాంగన్‌ను మోస్తూ వస్తాడు. ఆమె అతన్ని పట్టుకుని వదలదు. తోటివాళ్లు చూస్తున్నారన్న సిగ్గుతో ఆమెను విదిలించి తోసేసి వెళ్తాడు. నోరా ఆ అంకంలో చెప్పే సంగతి ఒకటి చాలా కఠినమైనది: బారికేడ్ల దగ్గర ఉన్నవాళ్ల కళ్లలో తను భయం చూసింది. వెనక్కి రావడానికి భయపడి వాళ్లు ముందుకు వెళ్తున్నారని ఆమె తీర్పు.

1902 నాటకంలో పెళ్లికూతురు ఏడుస్తూ మిగిలిపోతుంది, తెర పడుతుంది. ఓకేసీ ఆ ఏడుస్తున్న అమ్మాయి ఇంట్లోకి వెళ్లి కూర్చున్నాడు. ఆమెకు నెలలు నిండకముందే నొప్పులు వస్తాయి, బిడ్డ చనిపోయి పుడుతుంది, మతి చలిస్తుంది. ఆ బిడ్డనూ, క్షయతో పోయిన మోల్సర్‌నూ ఒకే శవపేటికలో పెడతారు. తుపాకీ ఎరుగని మరణం ఒకటి, తుపాకుల వారంలోని మరణం ఒకటి. మోల్సర్‌ను చంపింది ఆ గది. తిరుగుబాటు జరిగినా, జరగకపోయినా ఆ పిల్ల చచ్చిపోయేది. రెండు శవాలను ఒకే పెట్టెలో పెట్టడంలోనే ఓకేసీ రాజకీయమంతా ఉంది.

జాక్ మరణవార్తను బ్రెనన్ తెస్తాడు. ఇంపీరియల్ హోటల్ మంటల్లో కూలుతుండగా చనిపోయాడని, నోరా గర్వపడాలని అంటాడు. ఆ హోటల్ పేరు గుర్తుంచుకోమన్నాను. 1913లో కార్మికులను పస్తులు పెట్టిన మర్ఫీ హోటల్ అది. 1916లో జేమ్స్ కానలీ ఆదేశంతో నాగలి జెండాను నిజంగానే ఆ హోటల్ మీదే ఎగరేశారు. కానలీ దృష్టిలో అది లాకౌట్‌కు జవాబు. ఓకేసీ నాటకంలో మాత్రం అది ఒక తాపీ పనివాడు కాలిపోయిన చోటు. రెండూ నిజాలే.

గురువారం రాత్రి

గొడవ జరిగింది 1926 ఫిబ్రవరి 11, గురువారం. అంతకుముందే థియేటర్ లోపల గొణుగుళ్లు ఉన్నాయి. ప్రభుత్వం తరఫు డైరెక్టరు రోసీ పాత్ర పట్ల అభ్యంతరం చెప్పాడు, ఆమె పాటను తీసేశారు. కొందరు నటులు కొన్ని మాటలు పలకమన్నారు. ఆ రాత్రి ప్రేక్షకులు వేదిక ఎక్కగా, ఫ్లూథర్ వేషం వేసిన బారీ ఫిట్జెరాల్డ్ ఒకరిని కొట్టి కింద పడేశాడు. యేట్స్ వేదిక మీదికి వచ్చి మీరు మళ్లీ సిగ్గుమాలిన పని చేశారని గద్దించాడు. 1907లో సింజ్ నాటకం మీద జరిగిన అల్లర్లను గుర్తు చేస్తూ అన్న మాట అది. ఆ గోలలో ఎవరికీ వినబడలేదు. వినబడదని తెలిసి ముందే పత్రికకు పంపి ఉంచాడు. యేట్స్‌ది అదొక పద్ధతి.

సాధారణంగా పుస్తకాలు ఈ ఘట్టాన్ని కళాస్వేచ్ఛకు, మూఢత్వానికి మధ్య పోరుగా చెప్పి ముగిస్తాయి. నాకు ఆ వివరణ చాలదు. నిరసనకు నాయకత్వం వహించిన హానా షీహీ-స్కెఫింగ్టన్ ఎవరో చూడండి. ఆమె స్త్రీల ఓటుహక్కు కోసం జైలుకు వెళ్లిన మనిషి. 1908లో ఐరిష్ విమెన్స్ ఫ్రాంచైజ్ లీగ్‌ను స్థాపించినవారిలో ఆమెతోపాటు ఉన్న మార్గరెట్ కజిన్స్ మీకు పరిచయమే. తర్వాత భర్త జేమ్స్ కజిన్స్‌తో కలిసి మన మదనపల్లె చేరి, 1919లో ఠాగూర్ అక్కడికి వచ్చినప్పుడు జనగణమనకు స్వరలిపి రాసినది ఆమే. హానా భర్త ఫ్రాన్సిస్ శాంతివాది. తుపాకీ పట్టనివాడు. ఈస్టర్ వారంలో వీధుల్లో లూటీలు ఆపడానికి తిరుగుతుంటే సైనికులు పట్టుకున్నారు. 1916 ఏప్రిల్ 26 ఉదయం విచారణ లేకుండా ఒక బ్రిటిష్ అధికారి ఆజ్ఞతో కాల్చి చంపారు.

ఇప్పుడు మూడో అంకాన్ని ఆమె కళ్లతో చూడండి. అందులో లూటీ హాస్యం. బెసీ, మిసెస్ గోగన్ ఒక పిల్లల బండి కోసం పోట్లాడుకుని, చివరికి ఇద్దరూ కలిసి దాన్ని తోసుకుంటూ దుకాణాల మీదికి వెళ్తారు. హాలంతా నవ్వుతుంది. పేదరికం ఎరిగినవాడే రాయగల దృశ్యం అది. అదే హాలులో ఆ లూటీని ఆపబోయి చచ్చిపోయిన మనిషి భార్య కూర్చుని ఉంది. ఓకేసీకి ఫ్రాన్సిస్ అంటే ఎంతో గౌరవం, 1919 నాటి తన చిన్న పుస్తకంలో అతన్ని మెచ్చుకున్నాడు కూడా. కాని నాటకంలో అలాంటి మనిషికి చోటు లేదు.

హానా పత్రికకు రాసిన ఉత్తరంలో అసలు అభ్యంతరం అశ్లీలం గురించి కాదు. ఏ విప్లవం మీద ఈ రాజ్యం నిలబడ్డానని చెప్పుకుంటోందో, ఆ విప్లవాన్నే ఆ రాజ్యం డబ్బుతో నడిచే థియేటర్ ఎగతాళి చేస్తోందన్నది ఆమె వాదన. అబ్బే థియేటర్‌కు 1925 నుంచి ప్రభుత్వ గ్రాంటు వస్తోంది. ఆ ప్రభుత్వం ఎవరిది? 1921 డిసెంబరు ఒప్పందాన్ని అంగీకరించి, దాన్ని వ్యతిరేకించిన పాత సహచరులతో 1922-23లో అంతర్యుద్ధం చేసి, 70కి పైగా మందికి మరణశిక్షలు అమలుచేసిన వర్గానిది. ఓడిపోయిన వర్గం వారు 1926లో ఈ నాటకాన్ని చూసి, మా మనుషులను చంపింది చాలక నవ్వుకుంటున్నారా అని అడిగారు. ఇది మూఢత్వం కాదు. నాటకంలో లేని అంతర్యుద్ధం ప్రేక్షకుల మధ్య కూర్చుని ఉంది. మరుసటి నెలలో ఓకేసీ, హానా ఒకే వేదిక మీద వాదించుకున్నారు. ఆ తర్వాత కొద్ది రోజులకే ఓకేసీ లండన్ వెళ్లాడు. ఐర్లండ్‌లో కాపురం ఉండటానికి మళ్లీ రాలేదు.

నాటకం చూడనివి

నా దృష్టిలో ఇది ఆ యుగపు జాతీయోద్యమాల మీద వచ్చిన గొప్ప నాటకాల్లో ఒకటి. అందుకే దాని లోపాలను మర్యాద కోసం దాచనక్కరలేదు.

మొదటిది, స్త్రీలు. ఇందులో స్త్రీలంతా ఇంటికి, వీధికి, సారాకొట్టుకు చెందినవారు. తిరుగుబాటులో ఒక్క స్త్రీ లేదు. చరిత్రలో ఉన్నారు. సిటిజన్ ఆర్మీ వైద్యాధికారి డాక్టర్ కాథ్లీన్ లిన్ ఉంది. తుపాకీతో పోరాడి మూడు గాయాలు తిన్న మార్గరెట్ స్కిన్నిడర్ ఉంది. హెలెనా మోలనీ అయితే సాక్షాత్తు అబ్బే థియేటర్ నటి. తిరుగుబాటు ప్రకటన స్త్రీపురుషులిద్దరినీ సంబోధించి, ఇద్దరికీ ఓటు వాగ్దానం చేసింది. మగవాళ్లు చంపడానికి, చావడానికి వెళ్తారు, ఆడవాళ్లు ఏడుస్తారు అన్న నాటకపు లెక్కలో వీళ్లెవరూ ఇమడరు. హానాలాంటివారికి కోపం రావడానికి ఇది చిన్న కారణం కాదు.

రెండోది, కానలీ. నాటకం కిటికీలో ఒకే గొంతు ఉంది. రక్తంతో భూమి హృదయం వెచ్చబడుతుందన్న ధోరణిలో పియర్స్ 1915 చివర్లో రాసినప్పుడు, దాన్ని తన పత్రికలో మొహమాటం లేకుండా ఖండించినవాడు కానలీయే. అంటే రక్తపూజ మీద ఉద్యమం లోపలే వాదన జరిగింది. నాలుగు నెలల తర్వాత అదే కానలీ పియర్స్‌తో కలిసి పోస్టాఫీసులోకి నడిచాడు, గాయపడి, కుర్చీలో కూర్చోబెట్టబడి మే 12న కాల్చి చంపబడ్డాడు. ఎందుకు వెళ్లాడు? ఇది నాటకకర్తకు దొరికిన అతి పెద్ద ప్రశ్న. ఓకేసీ దాన్ని వదిలేశాడు. కానలీకి బదులు కోవీని పెట్టాడు. గిరీశంలా పుస్తకాల పేర్లతో ఎదుటివాణ్ని అదరగొట్టడమే గాని కోవీకి ఒక్క పని చేసిన పాపం లేదు. రోసీతో మర్యాదగా మాట్లాడటం కూడా చేతకాదు. సోషలిస్టు అయిన రచయిత తన నమ్మకాన్ని అంత డొల్ల మనిషి నోట పెట్టడంలో ఆత్మవిమర్శ ఉందని కొందరంటారు. ఉండవచ్చు. కాని దానివల్ల వాటాల ఇంటికి వేరే దారి ఏమిటన్న ప్రశ్న నాటకంలో అనాథగా మిగిలింది.

కానలీ, లార్కిన్‌ల డబ్లిన్‌ను కళ్లారా చూసిన తెలుగువాడు ఒకరున్నారు. బరంపురం నుంచి 1913లో న్యాయశాస్త్రం చదవడానికి అక్కడికి వెళ్లిన వరాహగిరి వెంకటగిరి. తిరుగుబాటు జరిగిన 1916లోనే ఆయన తిరిగి వచ్చి, తర్వాత రైల్వే కార్మిక సంఘాలు నిర్మించారు, రాష్ట్రపతి అయ్యారు. జాతి జెండా, కార్మిక జెండా ఒకే చేతిలో పట్టుకోవచ్చని నమ్మినవారు ఉన్నారనడానికి ఆయన జీవితం కూడా ఒక ఉదాహరణ. ఓకేసీ ఒప్పుకునేవాడు కాదు.

జవాబు రాసేటప్పుడు

'ఈ నాటకం ఐరిష్ జాతీయోద్యమాన్ని అవమానించిందా? చర్చించండి' అన్న ప్రశ్న తరచు వస్తుంది. చాలా జవాబుపత్రాల్లో విద్యార్థులు రెండు పక్షాలనూ చెరిసగం రాసి, ఇద్దరిదీ నిజమేనని ముగిస్తారు. అలా వద్దు. మీ అభిప్రాయం ఏదైనా సరే, దానికి నాటకంలోని ఒక ఘట్టాన్ని, చరిత్రలోని ఒక వాస్తవాన్ని పక్కపక్కన పెట్టి వాదించండి. ఉదాహరణకు, ఈస్టర్ వారంలో మరణించిన సుమారు 485 మందిలో సగానికి పైగా పౌరులు. దాదాపు 40 మంది పిల్లలు. ఈ అంకె ఓకేసీ పక్షాన బలంగా నిలుస్తుంది. మరోవైపు, 1918 డిసెంబరు ఎన్నికల్లో 105 స్థానాలకు 73 సిన్ ఫేన్ గెలిచింది. ఈస్టర్ వారంలో తిరుగుబాటుదారులను దూషించిన ప్రజలే మే నెల మరణశిక్షల తర్వాత మారారు. నాటకం ఈస్టర్ వారంతోనే ఆగిపోతుంది కాబట్టి ఆ మార్పు అందులో కనిపించదు. దీన్ని దోషమంటారా, నాటకకర్త హక్కు అంటారా అన్నది మీరు తేల్చుకోవలసిన విషయం.

చివరి అంకాన్ని మాత్రం సారాంశాల్లో చదివి వదిలేయకండి. తిరుగుబాటును నోరారా తిట్టిన బెసీయే మోల్సర్‌కు చాటుగా పాలు ఇస్తుంది. గుళ్ల వానలో నోరా కోసం డాక్టరు కోసం పరుగెత్తుతుంది. మూడు రాత్రులు నిద్ర లేకుండా ఆమెకు కాపలా కాస్తుంది. మతి తప్పిన నోరా కిటికీ దగ్గరికి వెళ్తే లాగి పక్కకు నెడుతుంది, వీధిలోని సైనికులు తుపాకీవాడనుకుని కాల్చిన గుండు బెసీకి తగులుతుంది. ఓకేసీ ఆమెను దేవతను చేయలేదు. చనిపోతూ నోరానే తిడుతుంది. ఆమెను కాల్చింది ఆమె కొడుకు పనిచేస్తున్న సైన్యమే. శవాన్ని ఒక దుప్పటితో కప్పాక, ఇద్దరు బ్రిటిష్ సైనికులు నోరా కాచిన టీ పోసుకుని తాగుతూ ఇంటి పొయ్యి ఆరనివ్వకండన్న తమ యుద్ధకాలపు పాట పాడుకుంటారు. కిటికీలో డబ్లిన్ ఎర్రగా మండుతూ ఉంటుంది. బెసీ కొడుకు ముక్కలైన చేయితో యుద్ధరంగం నుంచి ఆ ఇంటికే తిరిగి వస్తున్నాడని ఆ అంకంలోనే ఒకచోట ఆమె చెబుతుంది. ఆ మాట ఎక్కడ వస్తుందో వెతికి, పక్కన గీత గీసి పెట్టుకోండి.